మాస్టారికి నలభై ఒక్క మార్కులు

మంగళవారం పొద్దున్న ఎబో టాండో మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. కోబినా అమిసా జీవిత చరిత్రను అబా బాచ్వే ప్రెస్సులో ఇవ్వాలి, ఒకసారి ప్రూఫు చూసుకోవాలి, పన్నెండు కొట్టేసరికి మూలమీది కొట్లో ఆకు విప్పిన వేడి మొక్కజొన్న ముద్ద కెంకీ, వేయించిన చేప, నూరిన మిరపకాయ ముందు పెట్టుకుని కూర్చోవాలి. అరవై రెండేళ్ళ మనిషి ఇంతకంటే పెద్ద ఆశలు పెట్టుకోడు. ఆ కాస్త ఆశ కూడా తీరనివ్వకపోతే ఎవరికైనా ఒళ్ళు మండదా? మాస్టారికి అరికాలి మంట నెత్తికెక్కిందంటే అందులో ఆయన తప్పేమీ లేదు.

సాల్ట్‌పాండ్‌లో ఎవరైనా పోతే శవపేటిక చేసేవాడు ఒకడుంటాడు, డప్పులు వాయించేవాళ్ళు కొందరుంటారు, పోయినవాడి గురించి పుస్తకం రాయడానికి టాండో మాస్టారుంటారు. శనివారం చర్చిలో ఆ పుస్తకం ఐదువందల మంది చేతుల్లో ఉంటుంది. మాస్టారు నిలబడి చదువుతుంటే జనం వేలుపెట్టి వెంట చదువుతారు. పోయినవాడి గొప్పలు కాస్త అటూ ఇటూ అయినా ఎవరూ పట్టించుకోరు. బతికున్నవాళ్ళ పేర్ల వరస తప్పిందో, పీటలు గాల్లోకి లేస్తాయి. ఎవరి పేరు ముందుంటే వాళ్ళకే మొదటి పరామర్శ, వాళ్ళకే మొదటి పీట. ముప్పై ఒక్క ఏళ్ళుగా మాస్టారు రాసిన పుస్తకం వల్ల ఒక్క పీట కూడా లేవలేదు. బడి నుంచి రిటైరయ్యాక ఆయనకు ఊళ్ళో మిగిలిన ఆస్తి ఆ మంచిపేరే.

అమిసా ఆరు పడవల ఆసామి, అరవై ఆరేళ్ళకు పోయాడు. కన్నతల్లి ఎకువా మన్సా ఆయనకు పదేళ్ళప్పుడే కన్నుమూస్తే, ఆమె తోడబుట్టిన ముగ్గురూ, అంటే అరబా, ఎఫువా, ఎసీ, ఆయనను పెంచారు. తల్లి తోడబుట్టినవాళ్ళంతా అక్కడ తల్లులే. పెద్దమ్మ, పిన్ని అని వేరు చేసి పిలిస్తే చెవి మెలిపెడతారు. నాలుగేళ్ళ కిందట మేనకోడలికి ఆడపిల్ల పుడితే అమిసా పోయిన తల్లి పేరే పెట్టుకున్నాడు. తల్లి పేరున్న పిల్లను పేరుతో పిలవలేం కదా, ఆ పిల్ల కూడా ఆయనకు అమ్మే అయింది. పడవ ఒడ్డు చేరగానే మొదటి చేప ఆ అమ్మకే వెళ్ళేది. ఈ లెక్కన అమిసాకు బతికున్న అమ్మలు నలుగురు. వాళ్ళలో ఒకరికి ఇంకా పాలపళ్ళే.

చిక్కల్లా పైవాళ్ళిద్దరితోనే. అరబా పెద్దది, ఎఫువా రెండోది. పదకొండేళ్ళ కిందట ఎవరి చావులోనో పీటల దగ్గర వరస తప్పి, అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. అమిసా పుస్తకం రాస్తున్న మూడు రోజులూ ఎఫువా ఇంటినుంచి మాస్టారింటికి పొగచేపల బుట్ట వచ్చింది. మాస్టారు లంచం తినే మనిషి కాదు, చేపలు తినే మనిషి. ఎందుకోగానీ రాస్తున్నప్పుడు ‘ఎఫువా, అరబా, ఎసీ’ అంటేనే వాక్యం నడక బాగుందనిపించింది. నడక కోసం రచయిత ఒక్కోసారి వయసులను పక్కన పెట్టాల్సివస్తుందని ఆయన తనకు తాను చెప్పుకున్నాడు.

ప్రెస్సులో అడుగుపెట్టగానే అబా ఎదురొచ్చి కాగితాలు అందుకుంది. భర్త పోయాక ప్రెస్సును ఒంటిచేత్తో నడుపుకొస్తున్న మనిషి.

“మాస్టారూ, ఇకమీదట మా దగ్గర ఏది అచ్చు కావాలన్నా ముందు మిషన్ చూడాలి.”

“ఏ మిషను?”

“రాతలు దిద్దేది. తేమాలో ఉన్న మా తమ్ముడు కంప్యూటర్లో పెట్టిచ్చాడు. వాక్యం బాగోకపోతే తనే బాగుచేస్తుంది. మార్కులు కూడా వేస్తుంది.”

“మార్కులా? ఎవరికి?”

“మీకే.”

ఊళ్ళో సగం మందికి మార్కులు వేసిన చెయ్యి మాస్టారిది. ఇదే అబాకు ఐదో తరగతిలో వ్యాసానికి ముప్పై ఎనిమిది వేసినట్టు ఆయనకు లీలగా గుర్తు. ఆమెకు బాగా గుర్తున్నట్టు ముఖం చూస్తేనే తెలుస్తోంది. ఆమె జీవిత చరిత్రంతా టైపు చేసి మీట నొక్కింది. తెర మీద ఎర్రగా ఒక అంకె వచ్చి కూర్చుంది. నలభై ఒకటి.

“వందకా?” అన్నాడు మాస్టారు, యాభైకేమోనన్న ఆశతో.

“వందకే. పోనీలెండి, నాకంటే మూడు ఎక్కువే వచ్చాయి. ఏమేం తప్పులో కూడా చెప్తోంది, వినండి. ‘మహావృక్షం కూలిపోయింది అని రాశారు. ఇది ఏ చెట్టు? మృతుడికీ చెట్టుకీ సంబంధం స్పష్టంగా లేదు.’”

“చెట్టంటే అమిసాయే కదే! మా తాతల నాటినుంచీ ఈ ఊళ్ళో పెద్దవాడు పోతే చెట్టే కూలుతుంది!”

“అది దానికేం తెలుసు మాస్టారూ? తర్వాత ‘సముద్రమా, నీ కొడుకును ఏం చేశావు అని అడిగారు. మృతుడు ఇంట్లో మంచం మీద పోయినట్టు మూడో పేజీలో ఉంది. సముద్రాన్ని అనుమానించడానికి ఆధారం లేదు.’”

“నేనేమన్నా పోలీసు రిపోర్టు రాశానా?”

“‘అయ్యో, అయ్యో, అయ్యో. ఇక్కడ ఒక్కటి చాలు.’”

మాస్టారు కుర్చీలోంచి లేచాడు. “పెంచిన తల్లులు ముగ్గురు! మనిషికో అయ్యో! ఏ తల్లి అయ్యో తీసెయ్యాలో దాన్నే అడుగు! జన్మలో ఒక్క చావుకు వెళ్ళిందా ఇది? ఒక్క కన్నీటిబొట్టు కార్చిందా? సముద్రం అవతల ఏ అద్దాల గదిలోనో పుట్టి, నాకు ఏడవడం నేర్పుతుందా?”

“అరవకండి. తొంభై దాటితేగానీ నేను అచ్చు వెయ్యను. ఇంకో మాట కూడా చెప్పేస్తున్నా. ఈ పుస్తకం బాగొచ్చిందంటే, వచ్చే నెలనుంచి ఇంటివాళ్ళే ఏదో రాసుకొస్తారు, మిషన్ దిద్దుతుంది. మీకూ పెద్దవయసు వచ్చింది. విశ్రాంతి తీసుకోండి.”

విశ్రాంతి! మాట ఎంత మెత్తగా ఉన్నా అర్థం మాత్రం పొమ్మనడమే. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ కిటికీ పక్క బల్ల మీద రాసిన మనిషిని, వారం కిందట వచ్చిన పెట్టె ఒకటి గుమ్మంలోకి నెడుతోంది.

“నువ్వూ నీ మిషనూ ఏం చేసుకుంటారో చేసుకోండి! ఇంకొకరు దిద్దిన నా రాత నేను చదవను. చచ్చినా చదవను!”

ఆయన విసవిసా కెంకీ కొట్టుకు వెళ్ళిపోయాడు. కోపంలో రెండు ముద్దలు తిన్నాడు, ఒక్కదాని రుచీ తెలియలేదు. ఇక్కడ అబా ‘అన్నీ ఒప్పుకుంటున్నాను’ అన్న మీట నొక్కింది. మార్కులు తొంభై ఎనిమిదికి ఎగిరాయి. తొంభై ఎనిమిది వచ్చినదాన్ని మళ్ళీ చదవడం దేనికని ఆమె కూడా చదవలేదు. గురువారానికి ఐదువందల పుస్తకాలు అచ్చయి, కట్టలు కట్టి, శనివారం చర్చి గుమ్మం దగ్గర విప్పేదాకా ఎవరూ ముట్టుకోలేదు.

శనివారం చర్చి కిటకిటలాడింది. ముందు వరసలో చావుకు కట్టే ఎర్రబట్టల్లో ముగ్గురు తల్లులు కూర్చున్నారు. అరబాకూ ఎఫువాకూ మధ్య ఎసీ గోడలా ఉంది. నాలుగేళ్ళ అమ్మ అరబా కుర్చీ కింద దూరి చెప్పుల జతలు లెక్కపెడుతోంది. మాస్టారు నల్లబట్ట భుజాన సర్దుకుని మైకు ముందుకు వచ్చి పుస్తకం తెరిచాడు. ఆయన మహావృక్షం ఉండాల్సిన చోట ‘ఒక వ్యక్తి మరణించారు’ అని ఉంది.

ఆ మూడు ముక్కలూ చూసేసరికి ఆయన ఒళ్ళంతా మంటలెత్తింది. ఒక వ్యక్తట! ఆరు పడవలు, పదకొండుమంది పిల్లలు, ఊరంతా బాకా ఊదుతుంటే, ఒక వ్యక్తి! ఆయన పుస్తకం చటుక్కున మూసి, కళ్ళు మూసుకుని, తను రాసింది రాసినట్టు కంఠతా చెప్పడం మొదలుపెట్టాడు.

“మహావృక్షం కూలిపోయింది! సముద్రమా, నీ కొడుకును ఏం చేశావు?”

చర్చి నిండా పేజీలు తిరుగుతున్న చప్పుడు.

“మాస్టారూ, ఏ పేజీ?” అని ఎవరో అడిగారు.

“చెట్టు ఎక్కడుందండీ? నాదాంట్లో లేదు.”

“నీది పాడైపోయింది కాబోలు, నాది చూడు. ఇందులోనూ లేదే. సముద్రం కూడా లేదు!”

“చెట్టు సంగతి తర్వాత,” అంది ఎఫువా గట్టిగా. ఆమెకు చదువు రాదు. వెనకున్న ఆయన మోకాలి మీద కర్రతో పొడిచింది. “అమ్మల పేర్లు ఎక్కడున్నాయో చూసి చదువు నాయనా.”

వెనకాయన గొంతు సవరించుకుని, అమాయకంగా, అందరికీ వినబడేలా చదివాడు. “ఆయనకు తల్లి శ్రీమతి ఎకువా మన్సా, వయసు ఎనభై నాలుగు, జీవించి ఉన్నారు.” తర్వాత పేజీ తిప్పాడు, వెనక్కి తిప్పాడు. “అంతే ఉందండి.”

“నేనెక్కడ?” అంది ఎఫువా.

“నేనెక్కడ?” అంది అరబా, అదే క్షణంలో. పదకొండేళ్ళలో ఇద్దరూ ఒకే మాట అనడం అదే మొదలు.

అరబాకు తొంభై ఏళ్ళు, గొంతుకు మాత్రం ఇరవై. “ఒరేయ్ ఎబో! యాభై ఆరేళ్ళ కిందట పోయిన మా చెల్లెల్ని బతికించి, బతికున్న మమ్మల్ని చంపేశావా? పసివాడి ముక్కు తుడిచిందెవర్రా? వాడికి జ్వరమొస్తే మూడు రాత్రులు కూర్చున్నదెవర్రా? ఈ పుస్తకమా?”

పాస్టరు ప్రార్థన ఎత్తుకుని ఎలాగో గొడవ అణిచాడు. ఖననం అయింది. కానీ పాడైన పని అంతటితో ఆగుతుందా? పందిళ్ళ కిందకు జనం చేరగానే పక్క ఊరి జాలర్ల నాయకుడి మనుషులు వచ్చారు. వాళ్ళ తరఫున మాట్లాడే పెద్దమనిషి వెండిపిడి కర్ర పట్టుకుని ముందుకొచ్చి, గుమ్మం దగ్గర ఇచ్చిన పుస్తకం విప్పి, ఊరంతా వినేలా ప్రకటించేశాడు.

“మా నాయకుడు అమిసాగారి తల్లి ఎకువా మన్సాగారికి ఈ బట్ట, ఈ రెండు సారా సీసాలు పంపారు. ఆ తల్లి చేతికే ఇమ్మన్నారు.”

పదిమంది పెద్దల ముందు పేరు పలికాక వెనక్కి తీసుకోవడం ఉండదు. తీసుకుంటే పంపినవాడికి అవమానం. తీసుకోకుండా అందించాలంటే ఆవిడ సమాధిలో ఉంది. చనిపోయినవాళ్ళను పేరుపెట్టి అంత గట్టిగా పిలిస్తే పలుకుతారేమోనని కొందరు కుర్చీలు వెనక్కి జరుపుకున్నారు. అంతలో అరబా కుర్చీ కిందనుంచి సన్నటి గొంతు వినిపించింది.

“ఆఁ. నేనే.”

ఎకువా మన్సా పాక్కుంటూ బయటికొచ్చి మోకాళ్ళు దులుపుకుంది. పెద్దమనిషి పుస్తకం వంక చూశాడు, పిల్ల వంక చూశాడు.

“ఎనభై నాలుగా?”

“నాలుగు,” అని పిల్ల వేళ్ళు చూపించింది.

ఎన్నో చావులు చూసిన మనిషి కాబట్టి ఆయన తొణక్కుండా వంగి దణ్ణం పెట్టి, బట్ట తీసి పిల్ల చేతుల్లో పెట్టాడు. పిల్ల దాని కింద మాయమైపోయింది. లోపలినుంచి “బిస్కెట్లు లేవా?” అని వినిపించింది. పందిరంతా ఘొల్లుమంది. ఏడవడానికి వచ్చినవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వుతుంటే, వెనకాల స్తంభం పక్కన నిలబడిన మాస్టారికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పీటలు లేచినా ఇంత బాధ ఉండేది కాదు. ఆయన రాసిన చావు పుస్తకం చూసి ఊరు నవ్వుతోంది.

నాలుగింటికి కుటుంబ పెద్ద నానా ఒతూ పంచాయితీ పెట్టాడు. ఆయనకు ఎనభై ఏళ్ళు. మాట తక్కువ, చూపు ఎక్కువ. ఎదురుగా అరబా, ఎఫువా పక్కపక్క పీటల మీద కూర్చుని వంతులవారీగా తిడుతున్నారు. ఒకరికి ఆయాసం వస్తే రెండోవాళ్ళు అందుకుంటున్నారు. మధ్యలో ఉండాల్సిన ఎసీకి చోటు దొరక్క చివరికి జరిగింది.

“ఎవరు చేశారిది?” అన్నాడు నానా.

“మిషన్!” అన్నాడు మాస్టారు.

“ఈయనే అలిగి కెంకీకి వెళ్ళిపోయాడు!” అంది అబా. “ఒక్కసారి చూసి వెళ్ళుంటే ఇంత జరిగేదా?”

“నిందపడ్డవాళ్ళు ఎదురుగా ఉండాలి,” అన్నాడు నానా. “తీసుకురండి దాన్ని.”

కంప్యూటర్ తెచ్చి పీట మీద పెట్టారు. అబా దాన్ని తెరిచి, అది ఎందుకేం మార్చిందో చూపించే పేజీ ఆయనవైపు తిప్పింది. నానా కళ్ళద్దాలు పెట్టుకుని బయటికి చదివాడు.

“‘ఒక మనిషికి ఒక్కతే తల్లి. ఇక్కడ నలుగురున్నారు. కన్నతల్లి పేరుతో సరిపోయిన ఒకరిని ఉంచి, మిగతావారిని తొలగించాం. అరవై ఆరేళ్ళ వ్యక్తి తల్లికి నాలుగేళ్ళు ఉండవు. ఒక అంకె జారిపోయిందని గ్రహించి ఎనభై నాలుగు చేశాం. ఆమె జీవించి ఉన్నందున, చనిపోయినట్టున్న వాక్యం తీసేశాం.’”

“లెక్క సరిగ్గానే ఉందే,” అని వెనకనుంచి ఎవరో గొణిగారు. ఎఫువా తిరిగి చూసేసరికి ఆ గొంతు మళ్ళీ వినబడలేదు.

మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. ఛాతీ విరుచుకుని పందిరి మధ్యకు వచ్చాడు. “విన్నారా నానా! నలుగురమ్మలు! నేను రాసిందాంట్లో నలుగురూ ఉన్నారు! ఒక్కరిని వదల్లేదు! నాకు నలభై ఒకటి వేసి, కన్నబిడ్డలాంటి నా రాతను ముక్కలు చేసి, ఉన్నవాళ్ళను లేరని, లేనివాళ్ళను ఉన్నారని, దానికి అది తొంభై ఎనిమిది వేసుకుంది! తన వీపు తనే తట్టుకునే గురువును ఎక్కడన్నా చూశామా?”

“అంత గొప్పగా రాస్తే చదివిద్దాం,” అంది అబా ఉక్రోషంగా. “మాస్టారు రాసింది కూడా ఇందులోనే భద్రంగా ఉంది నానా. బయటికి చదివితే తప్పెవరిదో తేలిపోతుంది.”

మాస్టారికి ఒక్కసారిగా చేపల బుట్ట గుర్తొచ్చింది.

“ఎందుకులెండి నానా,” అన్నాడు, ఛాతీ మెల్లగా లోపలికి పోతుండగా. “పొద్దుపోతోంది. రేపు మళ్ళీ చర్చి ఉంది...”

“చదవాల్సిందే!” అంది అరబా. “నా పేరు నా చెవులతో వినాలి.”

“నా పేరు కూడా,” అంది ఎఫువా, పెదవి చివర చిన్న నవ్వుతో.

నానా ఒతూ పేజీ తిప్పాడు. బయటికి చదవలేదు, లోపల చదువుకున్నాడు. ఒక చోట ఆయన కళ్ళు ఆగిపోయాయి. కళ్ళద్దాల మీదుగా అరబాను చూశాడు, ఎఫువాను చూశాడు, చివరికి మాస్టారిని చూశాడు. మాస్టారు తేలుకుట్టిన దొంగలా పందిరి గుడ్డ అంచు లెక్కపెడుతున్నాడు. నానా కంప్యూటర్ మూత వేశాడు.

“మాస్టారి రాతలో అమ్మలందరూ ఉన్నారు. ఎవరి చోట్లో వాళ్ళున్నారు. తప్పు యంత్రానిది. దానికి తల్లి లేదు, తల్లివైపు వాళ్ళూ లేరు. అమ్మల లెక్క దానికెలా తెలుస్తుంది? తెచ్చి ఇంట్లో పెట్టుకున్నది అబా కాబట్టి, దాని తరఫున ఒక గొర్రెను తెచ్చి తల్లులకు క్షమాపణ చెప్పుకోవాలి.”

“నేనా?” అని అబా లేవబోయింది. నానా చూపుకు మళ్ళీ కూర్చుంది.

“పాపం, తల్లిలేనిదిటే,” అంది అరబా కంప్యూటర్ వంక చూసి.

“తల్లి లేకపోతే మాత్రం ఇంత పొగరా అక్కా?” అంది ఎఫువా.

అక్కా అన్న మాట వినగానే పందిరంతా అటు తిరిగింది. అరబా పిల్లకొచ్చిన కొత్తబట్ట అంచు ఒకటి లాగి చెల్లెలి మోకాళ్ళ మీద కప్పింది. ఇద్దరూ మళ్ళీ యంత్రాన్ని తిట్టడంలో పడ్డారు.

జనం సర్దుకుంటుండగా నానా మాస్టారిని మోచెయ్యి పట్టుకుని పందిరి అవతలికి తీసుకెళ్ళాడు.

“ఒరేయ్ ఎబో. నువ్వు రాసింది రాసినట్టు చర్చిలో చివరిదాకా చదివుంటే, ఈపాటికి అరబా పీట ఎఫువా నెత్తి మీద ఉండేది. ఈ పెట్టె పుణ్యాన బతికిపోయావు.”

“వాక్యం నడక కోసం నానా...”

“ఆ నడక ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. ఎఫువా చేపలు మా ఇంటికీ వచ్చాయి. నేను తిని నోరుమూసుకున్నాను. నువ్వు తిని రాశావు.”

తర్వాతి మంగళవారం మాస్టారు ప్రెస్సుకు వెళ్ళేసరికి అబా కంప్యూటర్ తీగలు పీకుతోంది.

“ఈ దరిద్రం నాకొద్దు మాస్టారూ. గొర్రె పోయింది, పరువూ పోయింది. తమ్ముడికి చెప్పి దీన్ని తీయించేస్తున్నా. మీ బల్ల తుడిపించాను, వచ్చి కూర్చోండి.”

మాస్టారు ఒక్క ఉదుటున వెళ్ళి తీగ మీద చెయ్యి వేశాడు. “ముట్టుకున్నావంటే ఊరుకోను! ఇలాంటిది రచయితకు ఎంత అవసరమో నీకేం తెలుసు? ముప్పై ఒక్క ఏళ్ళ కిందటే ఉండాల్సింది!”

“దానికేమీ రాదని మీరే కదా ఊరంతా చెప్పారు?”

“రాదు. అందుకే ఉంచమంటున్నా.”

ఆ రోజునుంచి పుస్తకాన్ని మాస్టారే రాసి, మాస్టారే దిద్ది, మాస్టారే అచ్చుకు పంపుతున్నాడు. యంత్రం మాత్రం ప్రెస్సులోనే ఉంది. ప్రతి పుస్తకం చివరి పేజీలో, ప్రెస్సు పేరు కింద, సన్నటి అక్షరాల్లో ఒక వాక్యం కొత్తగా చేరింది. ‘ఇందులో తప్పులేవైనా దొర్లితే అవి యంత్రానివి.’

ఆ వాక్యానికి యంత్రం నూటికి నూరు మార్కులు వేసింది.